నీళ్లు ముందా, హీలియం ముందా

జనగామలో మా వీధి మొదట్లో టీ కొట్టు నడిపే ఎల్లయ్య నన్ను ఇప్పటికీ వదలడు. నేను రిటైరైన మొదటి వారంలోనే, నలుగురూ ఉండగా, గ్లాసు చేతికిస్తూ అడిగాడు. "సారూ, మీరు సూర్యుణ్ణి తయారు జేసే కాడ పని జేసిండ్రట గదా. మన జనగామల ఉన్న ఎండ సాలలేదా మీకు?" అది మే నెల. అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వి టీ తాగేసి వచ్చాను.

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు ఫోన్ చేస్తున్నారు. ఫ్యూజన్ రియాక్టర్ల పరిశోధనలో చేరాలనుంది, అసలు ఆ ఉద్యోగం ఎలా ఉంటుంది సార్ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఎప్పుడెప్పుడు వచ్చాయో మా ఆవిడకే గుర్తులేదు. ఉద్యోగం నిజంగా ఎలా ఉండేదో చెబుతాను, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పుకు శిక్ష పడింది నాకు కాదు, నర్సంపేట అవతలి గూడూరుకు చెందిన యాకోబు అనే వెల్డర్‌కు. కాబట్టి దీన్ని నా గొప్పలుగా చదవకండి.

పళ్లెం పని

ముందు పని ఏమిటో చెప్పాలి. హైడ్రోజన్ జాతి వాయువుల్ని కోట్ల డిగ్రీల దాకా వేడి చేస్తే వాటి కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కలిసేటప్పుడు బోలెడంత శక్తి వస్తుంది. సూర్యుడిలో రోజూ జరిగేది అదే. అంత వేడి పదార్థాన్ని ఏ పాత్రా పట్టలేదు కాబట్టి దాన్ని అయస్కాంతాల బలంతో పాత్ర గోడలకు తగలకుండా మధ్యలో నిలబెడతారు. పాత్ర లోపల గాలి ఉండకూడదు, తేమ ఉండకూడదు, నూనె వాసన కూడా ఉండకూడదు. ఇంత చేసినా కొంత వేడి జారి అడుగున పరిచిన లోహపు పలకల మీద పడుతుంది. ఆ పలకల వెనక చిటికెన వేలంత లావు గొట్టాల్లో నీళ్లు పరుగెత్తుతూ వేడిని లాక్కుపోతుంటాయి. ఇరవై ఆరేళ్లు నేను చేసింది ఆ పలకలూ ఆ గొట్టాలే. సూర్యుడి కింద పెట్టే పళ్లెం అన్నమాట. ఎల్లయ్యకు ఇదే చెబితే వాడు కొంచెం నిరాశపడ్డాడు.

మా ప్రయోగశాల హైదరాబాదు అంచున ఉండేది. నేను జనగామలోనే కాపురం ఉండి పుష్‌పుల్ రైల్లో వెళ్లొచ్చేవాణ్ణి. రైల్లో నా పక్కన కూర్చునేవాళ్లు బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, ఆకుకూరల గంపలతో ఎక్కే ఆడవాళ్లు. పొద్దున భువనగిరి దాటేదాకా పేకాట, సాయంత్రం నిద్ర. కోట్ల డిగ్రీల మనిషి సీటు కోసం రుమాలు వేసుకునేవాడంటే మీకు నమ్మబుద్ధి కాదు గానీ, అదే నిజం.

మొదటి ఏడాది నేను అందరిలో నవ్వులపాలైన సంగతి ఒకటి ఉంది. డబ్బాలాంటి ఉక్కు పరీక్ష గదిలో గాలంతా తోడేశాక మిగిలిన వాయువులేవో చెప్పే పరికరం ఒకటి ఉంటుంది. అది రోజూ నూనె ఉందని చూపిస్తోంది. పంపులు విప్పాం, రబ్బరు వలయాలు మార్చాం, గోడలు మూడుసార్లు తుడిచాం. రెండు వారాలు అయ్యాక షెడ్డు ఊడ్చే లక్ష్మమ్మ నా తలకేసి చూసి, అంత కొబ్బరినూనె పెట్టుకుని గా డబ్బల తలకాయ ఎందుకు పెడతవు కొడుకా అంది. లింగాల ఘనపూర్‌లో మా అవ్వ చిన్నప్పటి నుంచి నేర్పిన అలవాటు, తల తడిసేలా నూనె పెట్టడం. ఆ రోజు నుంచి టోపీ లేకుండా ఎవరినీ గదిలోకి పోనివ్వలేదు. ఆ నియమానికి షెడ్డులో నా పేరే పెట్టారు.

ఈ ఉద్యోగంలో నూటికి తొంభై పాళ్లు తుడవడం, వేచి ఉండటం, మళ్లీ తుడవడం. నాలుగేళ్లు గీసిన డ్రాయింగు ఒక మధ్యాహ్నం పనికిరాకుండా పోతుంది. దీని నుంచి కరెంటు వచ్చి ఇళ్లలో బల్బు వెలగడం నేను చూడను. మీరు చూస్తారో లేదో నాకు తెలియదు. అది చూడాలన్న తొందర ఉన్నవాళ్లు దయచేసి ఇంకో ఉద్యోగం వెతుక్కోండి. గొట్టం సరిగ్గా కుదిరితే సంతోషపడే స్వభావం ఉన్నవాళ్లకు మాత్రం ఇంత బాగుండే పని ఇంకొకటి లేదు.

మూర్తి గారు

మా విభాగానికి పెద్ద మూర్తి గారు. కాకినాడ వైపు మనిషి. లెక్క వేయడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. కాగితం చూడకుండా గొట్టం మందం చెప్పేసేవారు. నేను మీటింగులో మాట్లాడితే మాత్రం ఆయనకు సరదా. "గిట్ల జేస్తే గట్లయితది అంటారు, అంతేనాండీ వీరస్వామి గారూ?" అని నా యాస పట్టి అందర్నీ నవ్వించేవారు. కోపం వచ్చేది. ఆయన మనసులో విషం లేదని తెలిసి ఊరుకునేవాణ్ణి. కొన్నాళ్లకు నేనే మీటింగుల్లో పుస్తకాల భాష మాట్లాడటం మొదలుపెట్టాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పని చేసినందుకే నా మీద నాకు ఎక్కువ కోపం.

ఆయన దగ్గర నేర్చుకున్న మంచి మాట ఒకటుంది. మనం కోరుకున్న ఫలితమే వచ్చినప్పుడు పరీక్షను రెండోసారి చేయమనేవారు. ఆయనకు రానిదల్లా ఒక్కటే. తప్పు జరిగితే అది ఎవరిదో ఆ పూటే తేలిపోవాలి, ఆ మనిషి ఆ పూటే కళ్లముందు నుంచి పోవాలి. ఇంత మంచి ఇంజనీరు ఈ ఒక్క విషయంలో పసిపిల్లాడి కంటే తొందరపడేవారు.

అద్దంలో చూసి అతికే మనిషి

పరిశోధనలోకి రాకముందు నేను గోదావరి వైపు ఒక థర్మల్ కేంద్రంలో అయిదేళ్లు బాయిలర్ల దగ్గర పనిచేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా తప్పుకు మూలం అక్కడుంది.

మా ఊరి క్లాస్‌మేట్ ఒకడు చేల్పూర్ థర్మల్‌లో ఉద్యోగం చేసేవాడు. ఒకసారి వాణ్ణి చూడటానికి భూపాలపల్లి వెళ్లాను. అప్పుడు బాయిలర్‌ను ఆపి మరమ్మతులు చేస్తున్నారు. లోపలికి తీసుకెళ్లాడు. రెండు ట్యూబుల మధ్య చెయ్యి పట్టని సందులో ఒక మనిషి వెల్లకిలా పడుకుని, ట్యూబు వెనక చిన్న అద్దం నిలబెట్టి, ఆ అద్దంలో చూస్తూ అవతలి వైపు వెల్డింగ్ చేస్తున్నాడు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. నేను అద్దంలో చూసి గడ్డం గీసుకుంటేనే నాలుగు గాట్లు పడతాయి. ఇతను మాత్రం గీత గీసినట్టు అతుకుతున్నాడు.

పని అయ్యాక బయటికొచ్చి ముఖం తుడుచుకున్నాడు. కళ్లు తప్ప అంతా బొగ్గు మసే. పేరు యాకోబు, ఊరు గూడూరు దగ్గర అడవి అంచు పల్లె. మా గొట్టాలూ అలాంటి సందుల్లోనే ఉంటాయి, మా దగ్గరున్న వెల్డర్లకు ఆ విద్య లేదు. వస్తావా అని అడిగాను. పని సంగతి గానీ జీతం సంగతి గానీ అడగకుండా, అక్కడ బొగ్గు ఉంటుందా అని అడిగాడు. ఉండదన్నాను. అయితే మా ఆమె సంబురపడుతుంది, నా బట్టలు ఉతకలేక చస్తోంది అన్నాడు.

యాకోబు వచ్చాక మా షెడ్డు ముఖమే మారింది. మిగతావాళ్లు రెండు రోజులు చేసే అతుకు అతను ఒక పూటలో ముగించేవాడు. ప్రతి అతుకు పక్కన వెల్డర్ నంబరు కొట్టాలని మా నియమం. అతని నంబరు ఏడు. ఏడు నంబరున్న అతుకు మళ్లీ చూడక్కర్లేదని షెడ్డులోని కుర్రాళ్లు అనుకునేదాకా వచ్చింది. ఆదివారం చర్చికి ఊరు వెళ్లి సోమవారం పొద్దున నేను ఎక్కే రైలే ఎక్కేవాడు. రైల్లో పేకాటకు రమ్మంటే రాడు, కిటికీ పక్కన నిలబడి వంతెనల అతుకులు చూసేవాడు.

నా తప్పు

గొట్టం ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకోవడానికి మాకు రెండు పరీక్షలుంటాయి. ఒకటి నీళ్ల పరీక్ష. గొట్టంలో నీళ్లు నింపి, పని చేసేటప్పుడు ఉండేదానికంటే ఎక్కువ ఒత్తిడి పెడతాం. బలహీనమైనదైతే పగులుతుంది. రెండోది హీలియం పరీక్ష. గొట్టంలోని గాలి తోడేసి, బయటి నుంచి హీలియం చిమ్మితే, కంటికి కనిపించని రంధ్రం ఉన్నా ఆ వాయువు లోపలికి దూరుతుంది, లోపలున్న పరికరం దాన్ని పసిగడుతుంది. నీటి చుక్క పట్టని చోట కూడా హీలియం పడుతుంది.

బాయిలర్ల దగ్గర పెరిగిన నాకు నీళ్ల పరీక్ష అంటే దేవుడితో సమానం. నీళ్లలో నిలబడిన ట్యూబే ట్యూబు. అందుకని అప్పట్లో మేం తయారుచేస్తున్న ఒక పెద్ద పలకకు పరీక్షల వరుస రాసేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఒక రోజు వేడిగాలితో ఆరబెట్టడం, ఆ తర్వాత హీలియం అని రాశాను. పగిలేదేదో ముందే పగిలిపోతే హీలియం పరీక్ష శ్రమ మిగులుతుందని నా తెలివి.

ఆ కాగితం గోడకు అంటించిన రోజు యాకోబు నా దగ్గరికొచ్చాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి మెల్లగా అన్నాడు. "సారూ, ముందుగాల నీళ్లు పెట్టకుండ్రి. సన్న తొర్ర ఉన్నదనుకో, దాంట్ల నీళ్లు జొచ్చి కూసుంటయి. ఇగ గాలి ఎట్ల పోతది? బాయిలర్ల కాడ నేను చూసిన. తడిసిన ట్యూబుకు సబ్బు నురుగు పెడితే బుడగ రాలే. మంచిగ ఎండినంకనే వచ్చింది."

నేను అతని భుజం తట్టి, నీకంటే ముందు బాయిలర్ మొకం చూసినోణ్ణి నేను, యాకోబు, అన్నాను. ఒక రోజు వేడిగాలి కొడుతున్నాం కదా అని కూడా అన్నాను. మీ ఇష్టం సారూ అని వెళ్లిపోయాడు. పదో తరగతి దాటని మనిషి నాకు చెప్పేదేమిటని నేను అనుకోలేదని ఇక్కడ రాసుకోవచ్చు. కానీ అనుకున్నాను.

పలక నీళ్లలో నిలబడింది. హీలియంలో కూడా నిలబడింది. రెండోసారి చేయమన్నారు మూర్తి గారు. రెండోసారీ అదే ఫలితం. షెడ్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. పదినెలల పని అది. పలకను పెద్ద గదిలో దించి, గాలి తోడేసి, గొట్టాల్లో నీళ్లు వదిలి, పైనుంచి వేడి పెట్టడం మొదలుపెట్టాం. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ పంపులు ఒక్కసారిగా అరిచాయి. లోపల గొట్టం కారింది. మేం పరుగెత్తి వెళ్లేసరికి నీళ్లు చిమ్మి గది గోడలంతా తడిసిపోయింది. వేడిని తట్టుకోవడానికి పలక మీద అతికించిన టంగ్‌స్టన్ లోహపు బిళ్లలు పాడయ్యాయి.

మరుసటి ఉదయం పలకను బయటికి తీసి చూస్తే కారిన చోటు ఒక అతుకు పక్కనే ఉంది. దాని మీద ఏడు నంబరు.

ఆ పొద్దునే టీ వేళకు షెడ్డులో ముప్పై మంది దాకా ఉన్నారు. మూర్తి గారు అందరి ముందూ, వెల్డర్ని మార్చండి వీరస్వామి గారూ, ఈ రోజే, అన్నారు. అందరూ నా వైపు చూశారు. ఆ క్షణంలో నాకు యాకోబు చెప్పిన నీళ్ల మాట స్పష్టంగా గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నోరు తెరవలేదు. తెరిస్తే ఆ పరీక్షల వరుస ఎవరు రాశారన్న ప్రశ్న వస్తుంది. నేనే యాకోబు దగ్గరికి వెళ్లి గేటు పాసు ఇచ్చేయమన్నాను. అతను పాసు ఇచ్చాడు, తన చిన్న అద్దాన్ని రుమాల్లో చుట్టుకున్నాడు, నా ముఖం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నా ఉద్యోగ జీవితంలో నేను అన్నింటికంటే ఎక్కువ సిగ్గుపడే రోజు అది.

సూక్ష్మదర్శిని కింద

పలకను కోసి లోపల చూడటానికి అనుమతి రావాలి. అది రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా చేల్పూర్ నుంచి మా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. పెద్ద ల్యాబులో పని చెడగొట్టి వచ్చాడన్న మాట యాకోబు కంటే ముందే అక్కడికి చేరిందట. ఇప్పుడు కాంట్రాక్టర్లు అతనికి ట్యూబులు ముట్టనివ్వడం లేదట. ఊళ్లోనే ట్రాక్టర్ ట్రాలీలకు, ఇనుప గేట్లకు అతుకులు వేస్తున్నాడట. గొట్టం వెనక అద్దం పెట్టి అతికే చేతికి గేట్ల పని.

చివరికి ఆ ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాం. యాకోబు అతుకు నిండుగా, నున్నగా, ఒక్క లోపం లేకుండా ఉంది. దానికి రెండు మిల్లీమీటర్ల అవతల, అసలు గొట్టం లోహంలోనే, వెంట్రుకలో సగం మందాన ఒక చీలిక ఉంది. గొట్టం తయారైనప్పటి నుంచే ఉన్న చీలిక అది. దాని గోడలకు నీళ్లు ఎండితే మిగిలే తెల్లటి పొర అంటుకుని ఉంది. అంటే నేను పెట్టిన నీళ్లు అందులోకి వెళ్లి బిరడాలా కూర్చున్నాయి. వేడిగాలికి పోలేదు. హీలియంకు దారి ఇవ్వలేదు. మేం అసలు వేడి పెట్టాక మాత్రం మెల్లగా ఆవిరై, దారి తెరిచి తప్పుకున్నాయి. ముందు హీలియం పెట్టి ఉంటే ఆ చీలిక అదే రోజు దొరికేది. ఒక్క గొట్టం మార్చుకుంటే సరిపోయేది.

మూర్తి గారు చాలాసేపు కన్ను తీయకుండా చూశారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "గొట్టం లోపం అని రాసేద్దామండి. అబద్ధం కాదు కదా. ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నారు. నేను సరేనన్నాను. నిజమే రాస్తున్నాం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సగం నిజం ఎంత హాయిగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

కొత్త పలకకు పరీక్షల వరుస మళ్లీ నేనే రాశాను. ఈసారి ముందు హీలియం, తర్వాత నీళ్లు. దాన్ని మీటింగులో చూపించినప్పుడు మూర్తి గారు మెచ్చుకుని, మంచి ఆలోచన వీరస్వామి గారూ, దీన్ని మిగతా విభాగాలక్కూడా పంపిద్దాం అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ ఆలోచన ఎవరిదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అతని మాట వినకపోవడం ఒక తప్పు, అతన్ని పంపేయడం రెండో తప్పు, ఇప్పుడు అతని మాటకే నేను చప్పట్లు తీసుకుంటున్నాను. ఆ సాయంత్రం రైల్లో నిద్ర పట్టలేదు. జనగామలో దిగేసరికి గూడూరు వెళ్లాలని నిశ్చయించుకున్నాను.

గూడూరు

ఆదివారం వెళితే చర్చిలో ఉంటాడని శనివారం వెళ్లాను. జనగామ నుంచి వరంగల్, అక్కడి నుంచి నర్సంపేట మీదుగా బస్సు. రోడ్డు పక్క రేకుల షెడ్డులో యాకోబు ట్రాలీ కింద కూర్చుని పనిచేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు. షెడ్డు వెనకే ఇల్లు. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న అతని భార్య సుగుణకు నేనెవరో అర్థమైంది. చేట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

"మా ఆమె మీ మొకం చూడది సారూ, ఏమనుకోకుండ్రి," అన్నాడు యాకోబు. ఆమె అన్నదమ్ములు ఎక్కడ కలిసినా ఈ సంగతే ఎత్తి నవ్వుతున్నారట. సుగుణ అతన్ని ఏమీ అడగలేదట. ఒక్కసారన్నా అడిగి ఉంటే చెప్పుకునేవాణ్ణి సారూ, అడగకపోవడమే కష్టంగా ఉంది, అన్నాడు.

నేను జరిగిందంతా చెప్పాను. చీలిక గొట్టంలో ఉందని, నీళ్లు దాన్ని మూసేశాయని, నువ్వు చెప్పినట్టే జరిగిందని, ఆ రోజు నాకు గుర్తొచ్చి కూడా నోరు మూసుకున్నానని. మధ్యలో ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని. అతను ట్రాలీ అతుకు చల్లారేదాకా దాన్నే చూస్తూ విన్నాడు. తర్వాత అన్నాడు.

"గిది నాకెందుకు చెప్తున్నరు సారూ? నా అతుకు ఎట్లుంటదో నాకెర్క లేదా?"

నేను మళ్లీ పనిలోకి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"ఎవల ముంగట నన్ను పొమ్మన్నరో వాళ్ల ముంగట చెప్పుండ్రి. గప్పుడు చూద్దాం. నేనైతే గాడ నిలబడి ఇననీకె రాను. ఫోన్ల ఇంట."

టీ తెప్పించాడు. తాగాను. వచ్చేటప్పుడు తలుపు ఇంకా మూసే ఉంది.

సోమవారం టీ వేళ

చివరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. కొన్నాళ్లకు యాకోబు మా దగ్గరికి తిరిగి వచ్చాడు, ఆరేళ్లు పనిచేశాడు, ఇప్పుడు భూపాలపల్లిలో పిల్లలకు వెల్డింగ్ నేర్పుతున్నాడు. మీరు ఈ రంగంలోకి వస్తే అలాంటి మనిషి ఒకడు మీ షెడ్డులోనూ ఉంటాడు. అతను మెల్లగా, ఎవరూ లేనప్పుడు వచ్చి ఏదో చెబుతాడు. మీ చదువు మీకు అడ్డం పడే మొదటి చోటు అదే. అతను చెప్పింది కాగితం మీద రాసి, కింద అతని పేరు రాయండి. నాకు ఎవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతున్నాను.

ఆ సోమవారం సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున్నే మూర్తి గారి గదికి వెళ్లి, టీ వేళకు షెడ్డుకు రమ్మని అడిగాను. ఎందుకో చెప్పాను. అవసరమంటారా అన్నారు. అవసరమే సార్ అన్నాను. ఆయన పెన్నుకు మూత పెట్టి, పదండి, అన్నారు. ఆ మాటకు ఆయన మీద నాకున్న గౌరవం రెట్టింపైంది.

షెడ్డులో అదే ముప్పై మంది. కొందరు కప్పులతో నిలబడ్డారు. నేను యాకోబుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పనిబల్ల మీద పెట్టాను. హలో సారూ అన్నాడు. వెనక ఎక్కడో కోడి కూసింది. పుస్తకాల భాషలో నాలుగు మంచి వాక్యాలు రాసుకుని జేబులో పెట్టుకుని వచ్చాను. నోరు తెరిస్తే మా ఇంటి మాటే వచ్చింది.

"అందరు ఇనుండ్రి. గా పలక చెడింది యాకోబు తోటి కాదు. వాని అతుకుల తప్పు లేదు, నేను కోసి చూసిన. తొర్ర గొట్టంల ఉండె. ముందుగాల నీళ్లు పెట్టకుండ్రి అని వాడు నాకు చెప్పిండు, నేను ఇనలే. గా వరుస రాసింది నేను. పలకను చెడగొట్టింది నేను. ఎర్క ఉండి కూడ మీ అందరి ముంగట వాణ్ణి పొమ్మన్న. మొన్న మీటింగుల మెచ్చుకున్న కొత్త వరుస గూడ వానిదే, నాది కాదు."

నా యాసకు ఎప్పుడూ నవ్వే మూర్తి గారు ఆ రోజు నవ్వలేదు. కప్పు బల్ల మీద పెట్టి, ఫోన్ వైపు వంగి, నేను కూడా తొందరపడ్డాను యాకోబు గారూ, అన్నారు.

లైను తెగిందేమోనని తెర చూశాను. తెగలేదు. విన్నావా యాకోబు, అన్నాను.

"ఇన్న సారూ," అన్నాడు. తర్వాత ఫోన్ పక్కకు పెట్టి ఎవరినో పిలవడం వినిపించింది. తలుపు తెరుచుకున్న చప్పుడు, గాజుల చప్పుడు దగ్గరికి వచ్చాయి. మళ్లీ అతని గొంతు.

"జర ఇంకొక్కపారి చెప్పుండ్రి సారూ. మా ఆమె ఇనలే."

ముప్పై మందీ నన్నే చూస్తున్నారు. నేను ఫోన్‌కు ఇంకొంచెం దగ్గరికి జరిగి, మొదటి నుంచి, ఒక్క మాట వదలకుండా మళ్లీ చెప్పాను.